మధ్యలో ఇల్లు తీసుకుంటే సరిపోతుందా? హైదరాబాద్‌లో అద్దెకు ఏ ఏరియా ఎవరికి

2017లో మెహిదీపట్నంలో ఇల్లు తీసుకున్నప్పుడు మా లెక్క చాలా సులువుగా ఉండేది. నా ఉద్యోగం కోఠిలో, మా ఆయన ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఒకరిది తూర్పు దారి, ఒకరిది పడమర దారి. మధ్యలో ఉంటే ఇద్దరికీ బాగుంటుందనుకున్నాం. చుట్టాలు కూడా మంచి పని చేశారన్నారు. తీరా చూస్తే ఆయనకి టోలిచౌకి, షేక్‌పేట దాటి రాయదుర్గం చేరేసరికే గంట పట్టేది. షేక్‌పేట ఫ్లైఓవర్ అప్పటికి లేదు, దాన్ని తెరిచింది 2022 జనవరిలో. నేను నాంపల్లి మీదుగా బస్సులో నిలబడి ముప్పావుగంట. సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి మా పాప పక్కింటి వాళ్ల సోఫా మీద, హోంవర్క్ పుస్తకం పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతుండేది. ఆ దృశ్యం నేను రెండేళ్లు చూశాను.

2019లో మియాపూర్‌కి మారాం. మ్యాప్‌లో చూస్తే నా ఆఫీసుకి దూరం రెట్టింపు కంటే ఎక్కువైంది. కానీ మియాపూర్ మెట్రోకి మొదటి స్టేషన్. పొద్దున ఎక్కగానే సీటు దొరుకుతుంది. కూర్చుని దాదాపు నలభై నిమిషాలకి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే కోఠి అక్కడే. ఆయన ఆల్విన్ చౌరస్తా నుంచి హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా వెళ్తే దూరం మెహిదీపట్నంతో దాదాపు సమానమే, పైగా ఆఫీసు క్యాబ్ ఇంటి దగ్గరికే వచ్చేది. ఎవరి జీతమూ పెరగలేదు, ఆఫీసులూ మారలేదు. కానీ పాప మా ఇంట్లోనే మెలకువగా ఉండి మాకు తలుపు తీసేది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. మధ్య దూరం కొలవకండి. ఇంట్లో రోజూ బయటికెళ్లే వాళ్లలో ఎవరి దారి కష్టమో, అంటే మెట్రో లేనిది, బస్సు మారాల్సింది, రాత్రి పొద్దుపోయి రావాల్సింది ఎవరికో చూసి, ముందు వాళ్ల వైపు జరగండి. మెట్రో ఉన్న మనిషి ఎంత దూరమైనా కూర్చుని పోగలరు.

మెట్రో ఎక్కడుంది, ఎక్కడ లేదు

ఈ నగరంలో ఏరియా ఎంచుకోవడమంటే సగం ఈ ప్రశ్నే. ఎరుపు లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, ఆకుపచ్చ లైను జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా. ఎరుపు, నీలం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. కొండాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మణికొండ, అత్తాపూర్, మెహిదీపట్నం, ఈసీఐఎల్, అల్వాల్: వీటిలో దేనికీ మెట్రో లేదు. "రెండో దశలో స్టేషన్ ఇక్కడే వస్తుంది, అద్దెలు పెరిగిపోతాయి, ఇప్పుడే తీసుకోండి" అని బ్రోకర్లు చెబుతుంటారు. ఇల్లు కొనేవాళ్లకి ఆ మాటతో పని ఉండొచ్చు. పదకొండు నెలలు ఉండబోయే మనం రాబోయే మెట్రోకి ఇవాళ్టి నుంచే అద్దె కట్టక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ), హైటెక్ సిటీ మ్యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ మెట్రో ఉంది. అయినా మెట్రోలో వెళ్లాలంటే కేపీహెచ్‌బీలో ఎక్కి తూర్పుకి అమీర్‌పేట దాకా పోయి, అక్కడ మారి, మళ్లీ పడమరకి హైటెక్ సిటీ రావాలి. రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్ల దూరానికి రైల్లో అంత చుట్టు. అందుకే కేపీహెచ్‌బీ పక్కనున్న జేఎన్‌టీయూ దగ్గర పొద్దున తొమ్మిదికి షేర్ ఆటోల కోసం అంతమంది నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చేవాళ్లు "మెట్రో పక్కనే ఇల్లు" అని సంబరపడి మోసపోయేది ఇక్కడే. స్టేషన్ దగ్గరగా ఉంటే చాలదు, మీ ఆఫీసు కూడా అదే లైను మీద ఉందా అని చూడాలి.

ఆఫీసు పడమర వైపైతే

ఐటీ ఉద్యోగమైతే సాధారణంగా నాలుగు దారులు కనిపిస్తాయి. మొదటిది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి. ఆఫీసుకి నడిచో, పదిహేను నిమిషాల్లో బండి మీదో పోవచ్చు. అద్దె ఎక్కువ. అదే డబ్బుతో నిజాంపేటలో ఒక గది ఎక్కువ వస్తుంది. అయినా రాత్రి షిఫ్టులు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఒంటరిగా ఉండే ఆడపిల్లలకి, నేను ఇదే చెబుతాను. గది చిన్నదైనా సరే, పన్నెండు గంటల రాత్రి క్యాబ్ దిగాక ఇంటికి నడిచే దూరం తక్కువుండాలి. వీధి దీపాలు, తెరిచి ఉండే దుకాణాలు, మనుషుల అలికిడి కొండాపూర్ వైపు అర్ధరాత్రి కూడా ఉంటాయి.

రెండోది మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసైతే దూరం బాగా తగ్గుతుంది. ఇందులోనే రెండు లోకాలున్నాయి. మణికొండ ఇరుకు సందులు, పక్కపక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, కింద కిరాణా, టిఫిన్ సెంటర్, ఇస్త్రీ బండి. అన్నీ చేతికందే దూరంలో. కోకాపేట వైపు వెళ్తే ముప్పై, నలభై అంతస్తుల టవర్లు, వెడల్పాటి రోడ్లు. ఆ రోడ్ల మీద నడిచి వెళ్లి కొత్తిమీర కట్ట కొనుక్కునే చోటు దొరకడం కష్టం. కారు ఉన్నవాళ్లకి, యాప్‌లో సరుకులు తెప్పించుకునే అలవాటున్నవాళ్లకి ఇబ్బంది లేదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేట్టయితే మాత్రం ఆలోచించండి. ఇరవై రెండో అంతస్తు బాల్కనీలో రోజంతా కూర్చోవడం వాళ్లకి కష్టం. మా మామయ్యగారు అలాంటి ఇంట్లో మా ఆడపడుచు దగ్గర వారం రోజులు ఉండి, ఎనిమిదో రోజు బస్సెక్కారు. మియాపూర్‌లో మా ఇంటికొస్తే కింద చాయ్ బండి దగ్గర గంటసేపు పేపర్ చదువుకుని వస్తారు, నెల రోజులైనా ఉంటారు.

మూడోది కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే దిగుతారు. దానికి కారణముంది. ఊరి బస్సులు ఇక్కడ ఎక్కొచ్చు, ఊరి పచ్చళ్లు దొరుకుతాయి, ఎదురింటివాళ్లు మన జిల్లావాళ్లే అవుతారు. హౌసింగ్ బోర్డు కాలనీలో ఇప్పటికీ ఎల్ఐజీ (తక్కువ ఆదాయం వాళ్లవి), ఎంఐజీ (మధ్య ఆదాయం వాళ్లవి) అనే పేర్లతోనే ఇళ్లు చెబుతారు. అద్దె మధ్యస్థం. హైటెక్ సిటీకి వెళ్లాలంటే 2022 జూన్‌లో తెరిచిన కైతలాపూర్ బ్రిడ్జి కొంత ఊరటనిచ్చింది. కానీ నానక్‌రామ్‌గూడకి రోజూ సొంత బండి మీద వెళ్లాలంటే నిజాంపేట దూరమనే నా అభిప్రాయం. లెక్క కట్టి చూడండి: రానూపోనూ ముప్పై కిలోమీటర్లు, నెలకి ఇరవై రెండు రోజులు, 660 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తే, పెట్రోలు లీటరు 107 రూపాయల లెక్కన దాదాపు 1,600. ఇది పెద్ద ఖర్చు కాదు. అసలు ఖర్చు రోజుకి రెండున్నర గంటలు, అంటే నెలకి 55 గంటలు. రెండు పగళ్లూ రెండు రాత్రులూ పూర్తిగా రోడ్డు మీద గడిపినట్టు. అద్దెలో మిగిలే నాలుగైదు వేలు ఆ 55 గంటల పక్కన పెట్టి చూసుకోండి.

నాలుగోది చందానగర్, లింగంపల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్. గచ్చిబౌలికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా దారి. ఎంఎంటీఎస్ ఉంది, టికెట్ చాలా చవక, కానీ రైళ్ల మధ్య ఎడం ఎక్కువ. టైమ్ ప్రకారం నడిచే ఉద్యోగమైతే ఆ రైలు వరం, లేకపోతే నమ్ముకోవడం కష్టం. పిల్లలున్న కుటుంబాలకి ఈ వైపు నాకు ఇష్టం. ఇంకా కొంత ఆకాశం కనిపిస్తుంది.

తూర్పు వైపు తక్కువ చూపు చూడొద్దు

కొత్తగా వచ్చినవాళ్లు హైదరాబాద్ అంటే హైటెక్ సిటీ అనుకుని తూర్పు వైపు చూడనే చూడరు. నాకు ఇది బాధగా ఉంటుంది. తార్నాక, హబ్సిగూడ లాంటి చోట్లు ఈ నగరంలో తక్కువ. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకోవైపు సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలు. వాటి ఆవరణల్లోని చెట్ల వల్ల గాలే వేరుగా ఉంటుంది. బిల్డింగులు పాతవి, లిఫ్టు ఉండకపోవచ్చు, కానీ గదులు పెద్దవి. ఉప్పల్, నాగోల్ వైపు అద్దె పడమరతో పోలిస్తే బాగా తక్కువ. నాగోల్ నీలం లైనుకి మొదటి స్టేషన్, కాబట్టి సీటు ఖాయం. రాయదుర్గం దాకా దాదాపు గంట ప్రయాణం. పోచారం వైపు ఐటీ క్యాంపసుల్లో ఉద్యోగమైతే ఇక వేరే వైపు చూడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018 నుంచి సాగుతూ ఆ రోడ్డుని నలిపేశాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున ఆ దారిలో వెళ్లి చూడండి.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం మధ్యతరగతి కుటుంబానికి చక్కటి చోట్లు. కూరగాయలు, బట్టలు, స్కూళ్లు, ఆస్పత్రులు, అన్నీ నడక దూరంలో దొరికే పాత కాలనీలు. సెక్రటేరియట్, అబిడ్స్, కోఠి, మలక్‌పేట వైపు ఉద్యోగాలకి ఇంతకంటే అనువైన వైపు లేదు. గచ్చిబౌలి ఆఫీసుకి మాత్రం రోజూ ఇక్కడి నుంచి వెళ్లొద్దని చెబుతాను. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరడానికే గంట, ఆ పైన ఇంకో ఆటో.

సికింద్రాబాద్ వైపు సైనిక్‌పురి, అల్వాల్, మల్కాజిగిరి ప్రశాంతంగా ఉంటాయి. రైళ్లతో, కంటోన్మెంట్‌తో, ఈసీఐఎల్‌తో పని ఉన్నవాళ్లవి ఆ చోట్లు. వాటి గురించి నాకు తెలిసింది తక్కువ కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మీ ఊరు ఏ రోడ్డు మీద ఉంది?

అద్దె ఇల్లు చూసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ, కానీ ఈ నగరం నిండింది ఈ లెక్కతోనే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వాళ్లు ఎల్బీనగర్ చుట్టూ. వరంగల్, జనగామ వాళ్లు ఉప్పల్ చుట్టూ. కరీంనగర్, సిద్దిపేట వాళ్లు జేబీఎస్, అల్వాల్ వైపు. మహబూబ్‌నగర్, కర్నూలు వాళ్లు ఆరాంఘర్, అత్తాపూర్ వైపు. సంగారెడ్డి, జహీరాబాద్ వాళ్లు పటాన్‌చెరు, లింగంపల్లి వైపు. ఊరి రోడ్డు నగరంలోకి ఎక్కడ అడుగుపెడుతుందో అక్కడే ఊరి మనుషులు స్థిరపడ్డారు.

మాది ఖమ్మం. మియాపూర్‌లో ఉండగా ఒక రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోన్ వచ్చింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాటడానికే మాకు గంటన్నర పట్టింది. ఖమ్మం ఇంకా ఎంత దూరమో అని కాదు, ఈ ఊళ్లోంచే బయటపడలేకపోతున్నానే అని కారులో ఏడ్చాను. అమ్మ బాగానే ఉంది, దేవుడి దయ. కానీ ఊళ్లో పెద్దవాళ్లున్నవాళ్లు, నెలకి రెండుసార్లయినా వెళ్లేవాళ్లు, ఆఫీసు దూరంతో పాటు ఊరి దూరాన్ని కూడా కాగితం మీద రాసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడి నుంచే నడుస్తున్నాయి. రైల్లో ఊరెళ్లే తూర్పువైపు వాళ్లకి అది మంచి అనుకూలం, పడమర వైపు వాళ్లకి మరో గంట దూరం.

చదువుకునేవాళ్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు

సాఫ్ట్‌వేర్ కోర్సులైతే అమీర్‌పేట, ఎస్సార్‌నగర్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకి అశోక్‌నగర్, చిక్కడపల్లి, పక్కనే సిటీ సెంట్రల్ లైబ్రరీ. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌లూ హాస్టళ్లూ లెక్కలేనన్ని. నేను 2006లో మొదట దిగింది అమీర్‌పేట హాస్టల్లోనే. నలుగురు ఉండే గది, ఇనుప మంచాలు, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. ఇప్పటి పిల్లలకి చెప్పేది ఒక్కటే: మొదటి మూడు నెలలు హాస్టల్లోనే ఉండండి, ఇల్లు తీసుకోవద్దు. ఉద్యోగం ఏ వైపు వస్తుందో తెలియకుండా రెండు నెలల అడ్వాన్స్ ఒకచోట ఇరికించుకోవద్దు. ఆడపిల్లలు హాస్టల్ చూసేటప్పుడు మెట్ల దారి, బాత్రూమ్ గడియ, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ చూడండి. బస్సులో వెళ్లేవాళ్లకి ఇంకో మాట. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్, కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె, కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218 లాంటి బస్సుల దారి మీద గది దొరికితే మీ నెల ఖర్చులో పెద్ద మొత్తం మిగులుతుంది.

నీళ్లు

ఏరియా తేల్చుకున్నాక ఇల్లు చూడటానికి వెళ్తే హాలు ఎంతుంది, బాల్కనీ ఎటుంది, వాస్తు ఎలా ఉంది అని చూస్తాం. నేను ఇప్పుడు తిన్నగా వంటింట్లోకి వెళ్తాను. నల్లా తిప్పుతాను. నల్లా మూతి చుట్టూ తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటే అది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. గీజర్ తొందరగా పాడవుతుంది, పప్పు ఉడకదు. పప్పు ఉడకకపోవడం చిన్న విషయం కాదు. ఒక ఇంట్లో కందిపప్పుకి ఏడు విజిల్స్ వచ్చినా గింజ గింజగానే ఉండేది.

ఇక్కడ బోర్డు నీళ్లని మంజీరా నీళ్లనే అంటాం. ఇప్పుడు వచ్చేది ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లే అయినా పాత పేరు పోలేదు. చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. "మంజీరా ఉందా?" అంటే ప్రతి ఓనరూ ఉందనే అంటారు. అందుకని ఇలా అడగండి: ఏ రోజు వస్తాయి, ఎన్నింటికి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, సంపు విడిగా ఉందా లేక బోరు నీళ్లతో కలిపేస్తారా. నిజంగా నీళ్లు వచ్చే ఇంట్లోవాళ్లు టైముతో సహా చెబుతారు. కనెక్షన్‌కి మీటరు, ఆధార్ అనుసంధానం ఉంటే నెలకి 20 వేల లీటర్ల దాకా బిల్లు ఉండదు. 2021 జనవరి నుంచి ఉన్న పథకమిది. మీ బిల్డింగ్‌లో అమలవుతోందా కనుక్కోండి.

మేం కొంతకాలం ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌లో మార్చి రెండో వారానికి బోరు ఎండిపోయింది. రోజుకి రెండు ట్యాంకర్లు. పొద్దున ఆరింటికి ట్యాంకర్ రివర్స్ తీసే చప్పుడుతోనే మెలకువ వచ్చేది. ఆ ఏప్రిల్‌లో మెయింటెనెన్స్ ఏకంగా మూడు వేలు పెరిగింది. తక్కువ అద్దె అని తీసుకున్న ఇల్లది. పడమర వైపు కొత్త కాలనీల్లో, ముఖ్యంగా బోర్లు లోతుకి పోయిన చోట్ల, వేసవిలో ఇది మామూలే. అందుకే ఇల్లు చూడటానికి మంచి నెల ఏప్రిల్ లేదా మే. అప్పుడు కుదరకపోతే వాచ్‌మన్ భార్యని అడగండి. బిల్డింగ్‌లో నీళ్ల సంగతి ఆమెకి తెలిసినంత ఓనర్‌కి తెలియదు.

వాన, వాసన

1908లో మూసీ పొంగితే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ తర్వాత నగరం పెరుగుతూ చిన్న చెరువుల్లోకీ నాలాల మీదకీ ఇళ్లు వచ్చేశాయి. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారి లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగిపోయాయి. 2020 అక్టోబరు వానలకి టోలిచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ కోదండరాంనగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నాగోల్ అయ్యప్ప కాలనీదీ అదే బాధ. ఇవన్నీ చెరువు కిందనో నాలా పక్కనో ఉన్న చోట్లు. ఏరియా మొత్తాన్ని తప్పుపట్టక్కర్లేదు, అదే నిజాంపేటలో మిట్ట మీద ఉన్న వీధికి చుక్క నీరు రాదు. వీధిని చూడాలి. ఇంటి ముందు గడప ఎందుకు అంత ఎత్తు కట్టారు, సెల్లార్ గోడ మీద మోకాలి ఎత్తున మరక గీతలా ఎందుకుంది, కరెంటు మీటర్లు మనిషి ఎత్తు కంటే పైన ఎందుకు బిగించారు: ఇవి చూస్తే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువు హద్దుల్లోని కట్టడాల మీద భయం కూడా పెరిగింది. అద్దెకున్నవాళ్లకి ఆస్తి పోదు కానీ పిల్లల పరీక్షల ముందు సామాను సర్దుకోవాల్సి రావడం చిన్న కష్టం కాదు.

వాసన సంగతి పగలు ఇల్లు చూస్తే తెలియదు. బాచుపల్లి, ప్రగతినగర్ వైపు పారిశ్రామిక వాడల గాలి రాత్రి పదకొండు దాటాక ఘాటుగా వస్తుంది. దమ్మాయిగూడ, నాగారం వైపు జవహర్‌నగర్ డంప్‌యార్డ్. మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర వేసవి సాయంత్రాలు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆ ఏరియాలో ఒక రాత్రి తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుని రండి. అంత పని ఎందుకంటారేమో, మా చెల్లెలు అలా చెయ్యకే నాలుగు నెలల్లో ఖాళీ చేసింది.

గేటెడా, మామూలు అపార్ట్‌మెంటా, పోర్షనా

గేటెడ్ కమ్యూనిటీలో పిల్లలకి ఆడుకునే చోటు, కరెంటు పోతే జనరేటర్, కాపలా ఉంటాయి. మెయింటెనెన్స్ అద్దెలోనే ఉందా, విడిగానా అన్నది ముందే అడగండి. చదరపు అడుగుకి ఇంత అని లెక్క కట్టే చోట అది వేలల్లో ఉంటుంది. మామూలు అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ తక్కువ, లిఫ్టు పాడైతే బాగయ్యేదాకా మెట్లే. ఓనర్ కింద ఉండి పైన పోర్షన్ ఇచ్చే ఇళ్లలో ఆత్మీయత ఉంటుంది, ఆంక్షలూ ఉంటాయి. కరెంటు మీటరు విడిగా ఉండాల్సిందే. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు పథకం అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది, కానీ మీటరు కలిసి ఉంటే అది అందదు.

"ఫ్యామిలీస్ ఓన్లీ", "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డుల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఫోన్‌లో ముందు పేరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత "మీరు తింటారా?" అని. ఆ ప్రశ్నతో వాళ్లు కనుక్కునేది కూర గురించి కాదు, కులం, మతం. నా సహోద్యోగి ఒకావిడ, ముస్లిం, పదకొండు ఇళ్లు చూశాక పన్నెండో ఇంటికి ఫోన్ నన్ను చెయ్యమంది. ఇల్లు కుదిరాక పేరు చెబితే కాదన్నారు. ఇది తప్పు, పైగా ఎవరూ తప్పనుకోకపోవడం ఇంకా తప్పు. ఇల్లు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కసారి ఆలోచించండి. అద్దె టైముకి కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా అన్న రెండు ప్రశ్నలు చాలు.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడ సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్స్, బ్రోకర్ ద్వారా అయితే ఒక నెల అద్దె కమిషన్. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయడం ఇక్కడ అలవాటు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అగ్రిమెంటులో అంకెతో రాయించుకోండి. ఒకసారి మాకు "గోడలు బాగా పాడుచేశారు" అని నెల అద్దె మొత్తం పట్టుకున్నారు. మేం చేరినప్పుడే ఆ గోడ మీద చెమ్మ ఉండేది, కానీ ఫోటో తీసుకోలేదు. ఇప్పుడు సామాను దించకముందే ప్రతి గదిలో నాలుగు గోడలూ, మీటరు రీడింగూ ఫోటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపుతాను. ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకి ఓనర్ పాన్ నంబర్ కావాలి. ఇస్తారో లేదో అడ్వాన్స్ ఇచ్చాక కాకుండా ముందే అడగండి.

ఈ జూన్‌తో మా లెక్క మళ్లీ మారుతోంది. పాపకి ఉస్మానియాలో ఇంజినీరింగ్ సీటు వచ్చేట్టుంది. ఆయన ఆఫీసుకి ఇప్పుడు వారానికి మూడు రోజులే వెళ్లాలి. కష్టమైన దారి ఇప్పుడు పాపది: ల్యాబ్ అయ్యాక సాయంత్రం ఆరున్నరకి మియాపూర్ దాకా రావాలంటే అమీర్‌పేటలో ఆ రద్దీలో మారాలి. కాబట్టి ఈసారి ఆమె వైపు జరుగుతున్నాం. హబ్సిగూడ, నాగోల్ మధ్య తేల్చుకోవాలి. హబ్సిగూడ అయితే కాలేజీ పక్కనే, అద్దె నాగోల్ కంటే నాలుగు వేలు ఎక్కువ చెప్పారు. నాగోల్ అయితే ఆయనకి రాయదుర్గం దాకా సీటు ఖాయం. నాకు ఎక్కడినుంచైనా కోఠికి బస్సుంది. నాగోల్‌లో చూసిన ఇల్లు మిట్ట మీదే ఉంది, గడప మామూలు ఎత్తే. ఈ ఆదివారం సాయంత్రం ఆ రెండిళ్లకీ మళ్లీ వెళ్తున్నాను, చేతిలో రెండు ఖాళీ సీసాలతో. రెండు వంటిళ్ల నల్లా నీళ్లూ తెచ్చి రాత్రికి పప్పు ఉడకేసి చూస్తాను.